చిన్న ప్రెస్సు మూసేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక: విశాఖ ముద్రాపకులకు ఒక మార్గదర్శి

శుభలేఖ వాట్సాప్‌లోకి, బిల్లు పుస్తకం కంప్యూటర్‌లోకి, కరపత్రం ఫోన్ తెర మీదికి వెళ్లిపోయిన తర్వాత డాబాగార్డెన్స్, అల్లిపురం, వన్ టౌన్ వీధుల్లోని చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులకు మిగిలిన పని ఎంతో ఆ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 2016 నాటి నోట్ల రద్దు, 2017 జూలైలో వచ్చిన జీఎస్‌టీ, 2020లో పెళ్లిళ్లూ సభలూ ఆగిపోయిన కాలం ఒకదాని వెంట ఒకటి వచ్చి, అరువు మీద కాగితం తెచ్చి అరువు మీదే అచ్చు వేసి ఇచ్చే ఈ వ్యాపారంలో రొక్కం తిరగకుండా చేశాయి. ఆఫ్‌సెట్‌ను నమ్ముకోలేక ఫ్లెక్సీ యంత్రం కొన్నవారికి 2022 ఆగస్టు 26న ఈ నగరంలోనే వెలువడిన ఫ్లెక్సీ నిషేధ ప్రకటన మరో దిగులు తెచ్చిపెట్టింది. ఆ కారణాలను ఇక్కడ తవ్వబోవడం లేదు. ప్రెస్సు ఇక నడవదని తేలిన తర్వాత దాన్ని ఏ వరుసలో మూయాలన్నదే ఈ వ్యాసం విషయం.

వరుస గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. నష్టాల్లో ఉన్న యజమాని ముందుగా నెలనెలా అయ్యే ఖర్చును తగ్గించుకోవాలనుకుంటాడు: కరెంటు కనెక్షన్ తీయించేస్తాడు, జీఎస్‌టీ రద్దుకు దరఖాస్తు పెడతాడు, బ్యాంకు ఖాతా మూసేస్తాడు, పాత ఫోన్ నంబరు వదిలేస్తాడు. నిజానికి ఈ నాలుగూ చిట్టచివర చేయవలసిన పనులు. కరెంటు లేని షెడ్డులో మిషన్‌ను నడిపి చూపించలేరు కాబట్టి అది తుక్కు ధరకే పోతుంది. జీఎస్‌టీ నంబరు లేనివారు కొనుగోలుదారుకు టాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వలేరు, అది లేకపోతే అతడు ఆ మేరకు ధర తగ్గించి అడుగుతాడు. ఖాతా లేకపోతే రావలసిన బాకీ వచ్చే దారి ఉండదు. ఫోన్ పోతే బాకీ ఉన్నవారికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

తేదీ నిర్ణయించడం

ప్రెస్సుకు తనదైన సంవత్సరం ఉంటుంది. జనవరికి క్యాలెండర్లు, డైరీలు, ఉగాదికి పంచాంగాలు, మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలను బట్టి శుభలేఖలు, జూన్‌లో బడులు తెరిచేసరికి ప్రోగ్రెస్ కార్డులు, ఫీజు రసీదు పుస్తకాలు వస్తాయి. ఆషాఢంలో మిషన్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అందువల్ల మూయక తప్పదని తేలితే ఆషాఢంలో మూయడం మేలని నా అభిప్రాయం. అప్పటికి సీజను డబ్బు చేతికి వచ్చి ఉంటుంది, శ్రావణం పని మొదలయ్యేలోగా పనివారు మరోచోట కుదురుకోగలరు. సీజను మధ్యలో మూస్తే అచ్చు కాని శుభలేఖలతో పెళ్లివారు గుమ్మంలో నిలబడతారు, ఆ అపకీర్తి ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటుంది.

మూసే సమయం వచ్చిందనడానికి ఒక గుర్తు ఉంది. కొత్త పనికి తీసుకున్న అడ్వాన్సుతో పాత పని తాలూకు కాగితం బాకీ తీర్చడం మొదలైతే, ఆ నెల నుంచి ప్రతి కొత్త ఆర్డరూ నష్టాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. ఇక నిర్ణయం తీసుకున్న రోజు నుంచి పూర్తి చేయగలమన్న నమ్మకం లేని ఏ పనికీ అడ్వాన్సు తీసుకోరాదు. చేయలేమని తెలిసీ డబ్బు తీసుకున్నారని తేలితే అప్పటిదాకా సివిల్ బాకీగా ఉన్నది మోసం కేసుగా మారవచ్చు. ఒప్పుకున్న పనులకు కాగితం రొక్కానికే కొనాలి. శివకాశి నుంచి, హైదరాబాదు నుంచి తెప్పించి నిల్వ ఉంచిన ఖాళీ శుభలేఖలను ఆ సీజనులోనే విజయనగరం, శ్రీకాకుళం, నర్సీపట్నం దుకాణాలకు సగం ధరకైనా వదిలించుకోవాలి, ఎందుకంటే వచ్చే ఏడాదికి ఆ మోడళ్లను ఎవరూ అడగరు.

అదే రోజున ఒక పెద్ద కాగితం మీద మూడు పద్దులు వేసుకోవాలి: ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, అమ్మదగినవి ఏమున్నాయి. ఇవ్వవలసిన ప్రతి బాకీ పక్కన దానికి హామీ ఉన్నవారి పేరు, తాకట్టులో ఉన్న ఆస్తి, ఇచ్చిన ఖాళీ చెక్కుల నంబర్లు రాయాలి. ఒక్కరే యజమానిగా ఉన్న (ప్రొప్రయిటరీ) ప్రెస్సు అయితే వ్యాపారం అప్పు వేరు, ఇంటి అప్పు వేరు అన్న తేడా చట్టంలో లేదు, రెంటికీ యజమానే బాధ్యుడు. భాగస్వామ్య సంస్థ అయితే ఒక భాగస్వామి చేతులెత్తేసినా మిగిలినవారి నుంచి మొత్తం బాకీ రాబట్టే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. భాగస్వామ్యం రద్దయిన సంగతిని 1932 నాటి భాగస్వామ్య చట్టం చెప్పిన ప్రకారం బహిరంగ ప్రకటనగా గెజిట్‌లోనూ, స్థానిక పత్రికలోనూ ఇచ్చి, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేసేదాకా, ఒకరు సంస్థ పేరు మీద చేసిన అప్పు మిగతావారి మెడకు చుట్టుకోవచ్చు.

పనివారి లెక్క

మెషీన్‌మేన్, బైండరు, కటింగ్ చేసేవారు, డీటీపీ ఆపరేటరు, ఈ నలుగురికీ మూత వార్త యజమాని నోటి నుంచే, అందరికీ ఒకే రోజున తెలియాలి. కాగితం వ్యాపారి ద్వారా తెలిస్తే మంచి మెషీన్‌మేన్ మర్నాడే వెళ్లిపోతాడు, ఒప్పుకున్న పనులు ఆగిపోతాయి.

చాలామంది చిన్న యజమానులు తమకు కార్మిక చట్టం వర్తించదనుకుంటారు. కానీ కంపోజింగు, అచ్చు, పుస్తకాల బైండింగు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్వచనంలోనే పేరు పెట్టి చెప్పిన ఉత్పత్తి ప్రక్రియలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నట్టే, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ మూతకు పరిహారం ఉంది: కనీసం ఒక ఏడాది ఎడతెగకుండా పనిచేసిన కార్మికునికి, పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం. మూత గురించి ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన నుంచి 50 మంది లోపు ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది గానీ, పరిహారం నుంచి మినహాయింపు లేదు. అనివార్య పరిస్థితుల్లో మూస్తే ఆ పరిహారానికి మూడు నెలల వేతనం పరిమితిగా ఉంటుంది. అయితే నష్టాలు, సరుకు పేరుకుపోవడం, లీజు ముగియడం వంటివి మాత్రమే చూపి అనివార్యమని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వేతనాల కోడ్ ప్రకారం మూత వల్ల పని పోయినవారికి రావలసిన జీతం రెండు పనిదినాల్లోగా చెల్లించాలి.

గ్రాట్యుటీ దీనికి అదనం. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఏనాడైనా పనిచేసి చట్టం ఒకసారి వర్తించిన ప్రెస్సుకు, ఇప్పుడు నలుగురే మిగిలినా అది వర్తిస్తూనే ఉంటుంది. కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సుల కాలంలో పన్నెండుమందితో నడిచిన ప్రెస్సుల వారు దీన్ని మరచిపోతుంటారు. లెక్క సులువే: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన సంవత్సరాలతో గుణించాలి. నెలకు 13,000 రూపాయలతో 12 ఏళ్లు పనిచేసిన బైండరుకు ఇది 90,000 రూపాయలవుతుంది. సాధారణంగా అయిదేళ్ల సర్వీసు పూర్తయి ఉండాలి.

డబ్బు అంతా ఒకేసారి లేకపోతే కార్మికులతో కూర్చుని వాయిదాలు రాసుకోవచ్చు. బాకీ కింద చిన్న మిషన్ ఏదైనా, కుట్టు మిషన్, క్రీజింగ్ మిషన్ వంటివి, ఇచ్చేయడం కూడా జరుగుతుంటుంది. పనివారు సొంత బైండింగు పెట్టుకోవడానికి అది ఉపయోగపడుతుంది గనుక మంచి పద్ధతే. అయితే ఆ మిషన్ బ్యాంకు హైపోతికేషన్‌లో, అంటే మన దగ్గరే ఉంటూ అప్పుకు హామీగా రాసినదై, ఉండకూడదు, ధరను బయటి మెకానిక్ ఒకరు కట్టాలి, ఇరువైపులా సంతకాలు ఉండాలి.

పీఎఫ్ ఉన్న సంస్థ అయితే ప్రతి ఒక్కరి ఎగ్జిట్ తేదీని, అంటే పని మానిన తేదీని, పోర్టల్‌లో నమోదు చేసి, పెండింగులో ఉన్న కేవైసీలను ఆమోదించాలి. యజమాని డిజిటల్ సంతకం గడువు తీరకముందే ఈ పని ముగియాలి. ఇది జరగకపోతే ఆ కార్మికుడు తన సొంత డబ్బు కోసం కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారికి పని పోయినప్పుడు భత్యమిచ్చే పథకాల గురించి బ్రాంచి కార్యాలయంలో అడగమని చెప్పి, మూతను ధ్రువీకరించే లేఖ యజమాని ఇవ్వాలి. అనుభవ ధ్రువపత్రంలో ఏ మిషన్ల మీద పనిచేశారో పేర్లతో రాయాలి. పరవాడ, అచ్యుతాపురం వైపు మందుల పరిశ్రమలకు అట్టపెట్టెలు, లేబుళ్లు చేసే చోట డై కటింగు, మల్టీకలర్ అనుభవానికి విలువ ఉంటుంది. ‘పదిహేనేళ్లు మా దగ్గర పనిచేశారు’ అన్న ఒక్క వాక్యంతో అది తెలియదు.

మిషన్లు అమ్మడం

పాత ప్రెస్సు ఆస్తిలో అసలైన విలువ మిషన్లదే, అన్నింటికంటే తేలికగా కరిగిపోయేదీ అదే. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో నడవని మిషన్‌కు ఒక్క వానాకాలం చాలు: సిలిండరు మీద తుప్పు చుక్కలు పడతాయి, ఒత్తిడిలో వదిలేసిన రబ్బరు రోలర్లు ఒకవైపు చదునవుతాయి, ఇంకు డక్ట్‌లో సిరా గట్టిపడుతుంది. కాబట్టి ఆఖరి ఆర్డరు అచ్చవుతుండగానే కొనేవారిని పిలవాలి. ఒకవేళ కొంతకాలం ఆగక తప్పకపోతే రోలర్లు విప్పి నిలువుగా పెట్టి, బ్లాంకెట్ వదులు చేసి, లోహం కనిపించే ప్రతి భాగానికీ నూనె పట్టించి, వారానికి ఒకసారైనా మిషన్‌ను చేత్తో తిప్పాలి.

కొనేవారు ఎక్కువగా ఇంకా ప్రెస్సు పని మిగిలి ఉన్న చిన్న పట్టణాల నుంచి వస్తారు: పార్వతీపురం, శ్రీకాకుళం, ఒడిశా వైపు రాయగడ, జయపురం, బరంపురం. మధ్యవర్తి మొదట చెప్పే ధర తుక్కు ధరకు కాస్త ఎక్కువగా ఉంటుంది. అది విని నిరుత్సాహపడనక్కరలేదు. హైడెల్‌బర్గ్ జీటీఓ అయినా, డొమినెంట్ అయినా, మినీ ఆఫ్‌సెట్ అయినా నడిపి చూపించినప్పుడే బేరం మొదలవుతుంది. చూపించే పద్ధతి కూడా ఉంది. సన్నని గీతలూ, నిండు రంగు పట్టీ రెండూ ఉన్న ప్లేటు ఒకటి వేసి, కొన్ని షీట్లు తీసి, అవే షీట్లను మళ్లీ లోపలికి పంపాలి. గీత మీద గీత సరిగ్గా పడితే గ్రిప్పర్లు, ఫీడింగు, రిజిస్టరు (కాగితం ప్రతిసారీ అదే చోట పడటం) బాగున్నాయని, పట్టీలో చారలు లేకపోతే రోలర్లు, గేర్లు బాగున్నాయని తెలిసినవాడికి తెలిసిపోతుంది. ఆ షీట్లనూ, వీడియోనూ దూరపు కొనుగోలుదారుకు పంపవచ్చు.

కటింగ్ మెషీన్‌ను ‘ఇది కూడా తీసుకోండి’ అని ఆఫ్‌సెట్ మిషన్‌తో కలిపి ఇచ్చేయడం చాలాచోట్ల జరుగుతుంది. అది సరికాదు. డిజిటల్ ప్రింటింగ్ చేసేవారికీ, జిరాక్సు దుకాణాలకూ, బైండింగు వారికీ కటింగ్ మెషీన్ కావాలి, కాబట్టి దానికి విడిగానే మంచి ధర వస్తుంది. నంబరింగు బాక్సులు, స్పేర్ రోలర్లు, పానాలు, మిషన్ పుస్తకం మాత్రం మిషన్‌తోనే ఉంచాలి, విడదీస్తే రెండింటికీ విలువ ఉండదు.

దింపడం, ఎక్కించడం ఈ ఊళ్లో పెద్ద కష్టం కాదు. రేవు పని, షిప్‌యార్డు పని చేసిన ఖలాసీలు చైన్ పుల్లీ, ఇనుప గొట్టాల సాయంతో టన్ను బరువున్న ప్లాటెన్‌ను సన్నని సందులోంచి కూడా బయటికి తీసుకురాగలరు. వారి కూలి ఎవరిదో, లారీలోకి ఎక్కాక దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో అమ్మకం కాగితంలోనే రాయాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తీయాలి. మొత్తం డబ్బు ఖాతాలో పడకుండా లారీని కదలనివ్వరాదు. అద్దె షెడ్డు అయితే మిషన్ బోల్టులు తీసిన గుంతలను మీరే సిమెంటుతో పూడ్పించండి. షెడ్డు యజమాని చేయిస్తే మీ అద్దె అడ్వాన్సులో కోత రెట్టింపవుతుంది.

ట్రెడిల్, సీసం అక్షరాల కేసులు ఇంకా మిగిలి ఉన్నవారు వాటిని కాటాకు వేసేముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగంలో ఒకసారి అడగడం మంచిది. నాటకాల పోస్టర్లకు వాడిన పెద్ద చెక్క అక్షరాలను సేకరించేవారు కూడా ఉన్నారు. సీసం అమ్మక తప్పకపోతే అక్షరాలుగానే అమ్మాలి, ఇంటి పెరట్లో కరిగించి దిమ్మలు చేయడం ఇంట్లోవారి ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లలకు, హానికరం. మిగిలిన సిరా, కిరసనాయిలు, రోలర్ వాష్‌ను కాలువలో పోస్తే అది గెడ్డలోంచి సముద్రంలో కలుస్తుంది; నడుస్తున్న మరో ప్రెస్సుకు ఊరికే ఇచ్చినా నయమే. వాడిన అల్యూమినియం ప్లేట్లకు కిలో లెక్కన ధర వస్తుంది గనుక వాటిని వేరుగా కట్టలు కట్టించాలి.

బ్యాంకు, అప్పిచ్చినవారు

హైపోతికేషన్‌లో ఉన్న మిషన్‌ను బ్యాంకుకు చెప్పకుండా అమ్మడం నేరారోపణకు దారితీస్తుంది. ముందే వెళ్లి, కొనేవాడి ధరను చూపి, ఆ డబ్బు నేరుగా అప్పు ఖాతాలో జమయ్యే ఏర్పాటుతో అనుమతి లేఖ తీసుకుంటే బ్యాంకు సాధారణంగా అడ్డు చెప్పదు, ఎందుకంటే జప్తు చేసి వేలం వేస్తే దానికి వచ్చేది అంతకంటే తక్కువ. వాయిదా 90 రోజులు మించి బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ గీత దాటకముందే బ్యాంకు మేనేజరుతో మాట్లాడాలి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అప్పుల పునరుద్ధరణకు రిజర్వు బ్యాంకు 2016 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇబ్బందిలో పడ్డ సంస్థే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రెస్సును నిలబెట్టే ఆశ లేకపోయినా, గడువు పెంపు దొరికితే మిషన్‌ను తొందరపడి అమ్మనక్కరలేదు.

హామీ లేని అప్పులకు క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు పూచీ ఉంటుంది కాబట్టి ‘ప్రభుత్వమే కట్టేస్తుంది’ అన్న మాట బజారులో వినిపిస్తుంది. ఆ పూచీ బ్యాంకు నష్టానికి మాత్రమే. అప్పు తీసుకున్నవారి బాకీ అలాగే ఉంటుంది.

ఇల్లు తాకట్టులో ఉంటే, కోర్టుకు వెళ్లకుండానే దాన్ని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం కింద మొదట 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. దాన్ని చూసి దాచిపెట్టడమే ఎక్కువమంది చేసే పని. మీ అభ్యంతరాలు రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లోగా కారణాలతో జవాబివ్వాలి. స్వాధీనం వంటి చర్య తీసుకున్న తర్వాత 45 రోజుల్లోగా విశాఖపట్నంలోనే ఉన్న రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తగ్గించిన మొత్తంతో బాకీ ముగించే ఏకకాల పరిష్కారం కుదిరితే మొత్తం, గడువు, హామీదారుల విడుదల, మూడూ బ్యాంకు లేఖలో ఉన్నాయని చూసుకున్నాకే తొలి వాయిదా కట్టాలి. తాకట్టు రిజిస్టరై ఉంటే అప్పు తీరాక విడుదల పత్రాన్ని కూడా రిజిస్టరు చేయించి, ఆస్తి మీద తాకట్లున్నాయో లేదో చూపే ఈసీని కొత్తగా తీసి చూసుకోవాలి.

కాగితం వ్యాపారుల దగ్గరా, వడ్డీకి ఇచ్చినవారి దగ్గరా ఉన్న ఖాళీ చెక్కుల సంగతి వేరుగా చూడాలి. ఖాతా మూసేస్తే చెక్కు చెల్లదు కదా అనుకుంటారు. ఖాతా మూసినందున తిరిగొచ్చిన చెక్కు మీద కూడా కేసు నిలుస్తుంది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోగా అవతలివారు నోటీసు ఇవ్వాలి, అది అందాక 15 రోజుల్లో డబ్బు కడితే కేసు ఉండదు. కాబట్టి బాకీ కొంత తీర్చిన ప్రతిసారీ ఒక్కో చెక్కునూ, ప్రోనోటునూ వెనక్కి తీసుకోవాలి, ప్రోనోటు వెనుక జమ రాయించాలి.

అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మనవాళ్లు ‘ఐ.పి. పెట్టడం’ అనే దివాలా పిటిషన్ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద జిల్లా కోర్టు పరిధిలో వేస్తారు. దీని గురించి రెండు విషయాలు ముందే తెలియాలి. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే పక్షపాతంతో చెల్లించి ఉంటే, రెండేళ్లలో ఇంటిని ప్రతిఫలం లేకుండా భార్య పేరునో, కొడుకు పేరునో రాసి ఉంటే, వాటిని కోర్టు రద్దు చేయగలదు. రెండోది, యజమాని దివాలా తీసినంత మాత్రాన హామీ సంతకం పెట్టిన బావమరిది బాధ్యత పోదు. అందుకే హామీదారులున్న అప్పును ముందు తీర్చడం కుటుంబాల్లో మాట పోకుండా కాపాడుతుంది. అయితే అది దివాలా ఆలోచన రాకముందే, సకాలంలో జరగాలి.

రావలసినవి

ప్రెస్సులకు బాకీ ఉండేది ఎక్కువగా బడులు, ఆసుపత్రులు, రాజకీయ నాయకులు, చిన్న పత్రికలు. మూసేశారని తెలిస్తే ఇచ్చేవారు కూడా ఆలస్యం చేస్తారు, కాబట్టి మూసే వార్త బయటికి రాకముందే ప్రతి ఒక్కరి చేతా బాకీ నిర్ధారణ లేఖ మీద సంతకం చేయించుకోవాలి. సాధారణంగా బాకీకి మూడేళ్ల కాలపరిమితి. గడువులోగా వచ్చిన రాతపూర్వక ఒప్పుకోలు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. అచ్చు వేసి ఇచ్చే నాటికే ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న ప్రెస్సు, 45 రోజులు దాటిన బిల్లుల మీద, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఈ మాటను ఒక్క ఉత్తరంలో రాసి పంపితేనే కార్పొరేటు బడుల నుంచి అసలు సొమ్ము కదులుతుంది.

ఇతరుల సొత్తు

ప్రెస్సు మూతలో ఎవరూ పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఇదే. అటక మీద ఆసుపత్రుల ఖాళీ లెటర్‌హెడ్లు, నంబర్లు పడిన రసీదు పుస్తకాలు, కాలేజీల ధ్రువపత్రాల మిగులు షీట్లు, ప్రశ్నపత్రాల ప్లేట్లు, సంస్థల రబ్బరు స్టాంపులు ఉంటాయి. వీటిని పాత కాగితాల వారికి కాటాకు వేస్తే, రేపు నకిలీ ధ్రువపత్రం దొరికినప్పుడు పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. వాటిని ఖాతాదారుకు తిరిగి ఇచ్చి సంతకం తీసుకోవాలి, లేదా అడ్డంగా కోయించి, ప్లేట్లను గీకి, తర్వాతే తుక్కులో వేయాలి. కటింగ్ మెషీన్ లారీ ఎక్కకముందే ఈ పని చేయించుకుంటే సులువు.

కంప్యూటర్‌లోని ఫైళ్లు మరో రకం సొత్తు. ఈ ఊరి ఆలయాల స్థలపురాణాలు, బడి వార్షిక సంచికలు, కవుల సొంత ముద్రణలు, సంఘాల చరిత్రలు ఎన్నో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉండిపోయాయి. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత చిన్న సవరణలే తప్ప కొత్త వెర్షన్ రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు గనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల వరుస కనిపిస్తుంది. డీటీపీ ఆపరేటరు వెళ్లిపోయేలోగా, పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే, ఒక్కో పుస్తకాన్ని ఫాంట్లు కలిపిన పీడీఎఫ్‌గా మార్చించాలి. యూనికోడ్‌లోకి కూడా మార్పిస్తే మంచిది గానీ, మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, ప్రూఫు తప్పదు. పీడీఎఫ్‌లను రచయితలకు, ఆలయాలకు, బడులకు పంపి, మిగిలిన అచ్చు ప్రతులను ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి, విశ్వకళాపరిషత్తులోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి తీసుకుంటారేమో అడగవచ్చు. ఇది చట్టం అడిగే పని కాదు, దీనికి డబ్బూ రాదు. ఒక ఆపరేటరు పది పదిహేను రోజుల జీతం ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టండి.

వారపత్రికో, మాసపత్రికో మీ దగ్గర అచ్చవుతుంటే ఆ యజమానికి ముందే లిఖితంగా చెప్పాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ చట్టం కింద ముద్రణాలయం మారిన సంగతిని ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా నమోదు చేయించుకోవలసి ఉంటుంది.

చిట్టచివరి కాగితాలు

మిషన్లు, కాగితం అన్నీ అమ్ముడయ్యాక జీఎస్‌టీ రద్దుకు ఆర్ఈజీ-16 అనే దరఖాస్తు ఫారం పెట్టాలి. ఇంకా మిగిలిన స్టాకు మీద, మిషన్ మీద గతంలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న మినహాయింపును) గానీ, వాటి మీద కట్టవలసిన పన్నును గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. రద్దుకు ముందే అమ్మేయమనడానికి ఇది మరో కారణం. రద్దయిన మూడు నెలల్లోగా చివరి రిటర్ను జీఎస్‌టీఆర్-10 వేయాలి. రద్దు ఉత్తర్వు రాగానే పని అయిపోయిందనుకుని దీన్ని వదిలేసేవారే ఎక్కువ, ఆలస్య రుసుము పెరిగాకే వారికి సంగతి తెలుస్తుంది. ఆ తర్వాత జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ నమోదు, పీఎఫ్, ఈఎస్ఐ కోడ్‌లు, ఉద్యమ్ నమోదు ఒక్కొక్కటిగా రద్దు చేయించాలి. కరెంటుకు ఈపీడీసీఎల్‌లో కనెక్షన్ తొలగింపు దరఖాస్తు పెట్టి డిపాజిట్ వాపసు అడగాలి. బిల్లు కట్టడం మానేస్తే వారే కోసేస్తారులే అని ఊరుకుంటే బకాయి, సర్‌చార్జీ డిపాజిట్‌ను తినేస్తాయి.

ఎన్నికల కరపత్రాలు అచ్చు వేసినవారు ఒక విషయంలో మరికొంత జాగ్రత్తగా ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం కరపత్రం మీద ముద్రాపకుని పేరు, చిరునామా ఉండాలి, ప్రచురణకర్త ఇచ్చిన డిక్లరేషన్ ప్రతిని అధికారులకు పంపాలి. ఉల్లంఘనకు ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మూసిన ప్రెస్సు పేరును మరొకరు కరపత్రం అడుగున వేసుకునే అవకాశం ఉంది కాబట్టి, మూసిన తేదీని తెలిపే రద్దు ఉత్తర్వులు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. అలాంటి కరపత్రం కంటపడితే వెంటనే కలెక్టరేటులో లిఖితంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి.

జీఎస్‌టీ లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. జీతాల రిజిస్టర్లు, గ్రాట్యుటీ రసీదులు, బ్యాంకు బాకీ లేదన్న పత్రం, 127ఏ డిక్లరేషన్లు వాటితోనే ఉంచండి. ఈ ఊరి తేమకు అట్టపెట్టెలో కాగితం బూజు పడుతుంది గనుక, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, నేలకు ఎత్తుగా పెట్టి, స్కాన్ చేసిన ప్రతులను ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉంచాలి. పాత ఫోన్ నంబరును చివరి బాకీ వసూలయ్యేదాకా, పీఎఫ్ డబ్బు పనివారందరికీ అందేదాకా రీచార్జి చేయిస్తూ ఉండండి.